కబురు ఇంటివాళ్ళు చెప్పాలి

2023 ఉగాదికి ముందు రోజు. ఇండియాలో తెల్లవారింది, ఇక్కడ డల్లాస్‌లో మాకు రాత్రి భోజనాలయ్యాయి. ఫోన్‌లో కోట శ్రీనివాసరావుగారి ఫొటో, దానికో దండ, కింద దీపం. ఒక గ్రూపులో వచ్చింది, ఇంకో గ్రూపుకి పంపాను. అదే ఊపులో మా ఇంటివాళ్ళ గ్రూపుకీ పంపేశాను. గుడివాడలో మా అమ్మ ఉగాది పచ్చడికి వేపపువ్వు బాగుచేసుకుంటూ అది చూసింది. కోటగారిది కంకిపాడు. మా వాళ్ళ దృష్టిలో ఆయన మా పక్క ఊరి మనిషి, సినిమాలు ఆ తర్వాత. అమ్మ చేతిలో పని వదిలేసి నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

కాసేపటికి కోటగారే వీడియోలో కనిపించారు. తను బాగానే ఉన్నానని, పొద్దుట్నుంచీ వరసగా ఫోన్లు వస్తున్నాయని, బందోబస్తుకని పోలీసులు కూడా ఇంటికి వచ్చేశారని చెప్పారు. ఎనభై ఏళ్ళ మనిషి పండగ ముందు రోజు కూర్చుని, నేను బతికే ఉన్నానని లోకానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పరిస్థితి తెచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అమ్మ నన్ను తిట్టలేదు. "నీకెవరు చెప్పారు నాన్నా?" అని మాత్రం అడిగింది. గ్రూపులో వచ్చిందన్నాను. "అంటే, వాళ్ళింట్లోవాళ్ళా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా చిన్నప్పుడు చావుకబురు తెచ్చే మనిషిని పోయినవాళ్ళ ఇంటివాళ్ళే పంపేవారు. అతను గుమ్మం బయటే నిలబడి ఎప్పుడు పోయారో, ఎప్పుడు తీస్తారో, ఇంకా ఎవరు రావాలో చెప్పి, అక్కణ్ణుంచి ఇంకో ఇంటికి వెళ్ళేవాడు. దూరాన ఉన్న చుట్టాలకి మూలల్లో నల్ల సిరా పూసిన కార్డు వచ్చేది. చదివి చింపేసేవాళ్ళు, ఇంట్లో దాచేవాళ్ళు కాదు. ఆ కబురు ఎవరిదో అందరికీ తెలుసు, తేడా వస్తే ఎవర్ని అడగాలో కూడా తెలుసు. నేను పంపిన దండ ఫొటో ఎక్కడ పుట్టిందో నాకూ తెలియదు, నాకు పంపినాయనకీ తెలియదు.

పెద్దవాళ్ళయిన నటుల గురించి, ఆటగాళ్ళ గురించి, టీవీలో రోజూ చూసిన మనుషుల గురించి ఇలా ఆరా తీయడమే తప్పని, అది వాళ్ళ సొంత విషయమని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఆగస్టు 5న బాలసుబ్రహ్మణ్యంగారు తనే వీడియోలో కనిపించి, కరోనా వచ్చిందని, లక్షణాలు స్వల్పమేనని, ఇంట్లోవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక చెన్నైలో ఆసుపత్రిలో చేరానని చెప్పారు. దయచేసి ఎవరూ ఫోన్లు చేయొద్దని కోరారు. పది రోజులు తిరక్కుండానే పరిస్థితి విషమించింది. వెంటిలేటరు, ఆ తర్వాత ఎక్మో. ఒంట్లోని రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, తిరిగి లోపలికి పంపే యంత్రం అది. అంతకుముందు ఆ పేరే వినని మా ఇళ్ళలో దాదాపు నెలన్నర పాటు పొద్దున లేవగానే ఆ మాటే.

ఆయన పాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి. కానీ 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పట్నుంచి ఆయన మన ఇంట్లో పెద్దమనిషి అయిపోయారు. పిల్లలు తప్పు పాడితే ఎలా సరిదిద్దాలో, బాగా పాడితే ఎలా మురిసిపోవాలో మనం ఆయన్ని చూసి నేర్చుకున్నాం. డల్లాస్‌లో పుట్టిన మా అమ్మాయికి 'ల'కీ 'ళ'కీ తేడా చెవికి పట్టింది ఆ కార్యక్రమం చూసే. అలాంటి మనిషికి బాగాలేకపోతే ఎలా ఉందని అడక్కుండా ఎలా ఉంటాం?

ఆ రోజుల్లో వాళ్ళబ్బాయి చరణ్‌గారు ఎంతో ఓర్పుగా వీడియోలు పెట్టేవారు. ఇండియాలో సాయంత్రం పెట్టింది మాకు పొద్దుటి కాఫీ వేళకి అందేది. ఫిజియోథెరపీ జరుగుతోందనో, నాన్న ఐపీఎల్ కోసం ఎదురుచూస్తున్నారనో చెప్పేవారు. ఆయన ఏం చెప్పారన్నది ఒకసారి, ముఖం ఎలా ఉందన్నది ఇంకోసారి, అలా రెండేసి సార్లు చూసేవాళ్ళం. ఎందుకంత పట్టింపో నాకు తర్వాత అర్థమైంది. ఆ ఏడాది మార్చిలో ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది, ఆ తర్వాత తిరిగినవి కొన్ని ప్రత్యేక విమానాలే. మా నాన్నకి డెబ్భై నాలుగు, సరిగ్గా బాలుగారి వయసు. నాన్నకి దగ్గు వచ్చిందో, జ్వరం వచ్చి తగ్గిందో నాకు తెలిసేది కాదు. "నువ్వక్కడ కంగారుపడతావని చెప్పలేదు" అన్న మాట ఈ పత్రిక చదివే ప్రతి ఇంట్లోనూ విని ఉంటారు. మా నాన్న గురించి నాకు దొరకని నిజం బాలుగారి గురించి రోజూ దొరికేది. కన్నకొడుకు కెమెరా ముందు కూర్చుని, దాచకుండా, పెంచకుండా చెప్పేవాడు. నేను దానికోసమే పొద్దున్నే లేచేవాణ్ణి.

ఆ నిజం చెప్పే మనిషిని కూడా జనం ప్రశాంతంగా ఉండనివ్వలేదు. ఆగస్టు 24న కరోనా నెగెటివ్ వచ్చేసిందని పుకారు పాకింది. మంచి కబురే కదా అని అందరూ పంచుకున్నారు. అది నిజం కాదని, నాన్న సంగతి ఏదైనా ముందు తెలిసేది తనకేనని చరణ్‌గారు చెప్పుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరు 25 మధ్యాహ్నం 1:04కి బాలుగారు కన్నుమూశారు. ఆ తర్వాతైనా వదిలారా? ఆసుపత్రి బిల్లు మీద కట్టుకథలు పుట్టాయి. తండ్రిని సాగనంపి వారమైనా కాకముందే ఆ కొడుకు మళ్ళీ కెమెరా ముందుకొచ్చి వాటిని ఖండించాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మనకి పరామర్శ అనే మంచి అలవాటు ఉంది, దానికో పద్ధతీ ఉంది. జబ్బుమనిషిని చూడ్డానికి వెళ్తే రెండు పళ్ళు పట్టుకెళ్తాం. మంచం దగ్గర ఎక్కువసేపు కూర్చోం. ఎంత చిక్కిపోయారో మొహం మీద అనం. బయటికొచ్చాక కూడా, చూసినదంతా వీధిలో చెప్పం. అదే మనం ఫోన్ చేతిలో ఉంటే ఏం చేస్తున్నాం? 2025 జూన్‌లో కోటగారి ఫొటో ఒకటి అందరి ఫోన్లలోకీ వచ్చింది. మనిషి పూర్తిగా కృశించిపోయి ఉన్నారు. అభిమానంతో కలవడానికి వెళ్ళినప్పుడు తీసిన ఫొటో అది. దాని పక్కనే పాత సినిమాలో ఆయన రూపం పెట్టి, "ఎలా ఉండేవాడు ఎలా అయిపోయాడు" అని పోల్చి తిప్పారు. మా గ్రూపుల్లోనే నాలుగుసార్లు చూశాను. అదే ఏడాది నవంబరులో ధర్మేంద్రగారు బతికుండగానే పెద్ద పెద్ద వార్తాసంస్థలే ఆయన పోయారని రాశాయి. భార్యా కూతురూ ఖండించారు. ఆసుపత్రి గదిలో కుటుంబం దుఃఖంలో ఉన్న వీడియో కూడా బయటికొచ్చింది. ఆయన పోయింది నవంబరు 24న. ఆ మధ్య రోజుల్లో ఆ ఇంటివాళ్ళు జబ్బుతోపాటు మనల్ని కూడా భరించారు.

తెలుసుకోవడం వల్ల మేలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. క్రికెటర్ అంశుమన్ గైక్వాడ్ రక్తక్యాన్సర్‌తో లండన్‌లో చికిత్స పొందుతున్నారని 2024లో పాత సహచరులు బయటికి చెప్పారు. కపిల్‌దేవ్ గొంతెత్తారు, బోర్డు కోటి రూపాయలు ఇచ్చింది. ఆ జులై 31నే గైక్వాడ్ పోయారు, కానీ ఎవరూ పట్టించుకోలేదన్న మాట మిగల్లేదు. అక్కడ కూడా నోరు తెరిచింది ఆయన్ని దగ్గరగా ఎరిగినవాళ్ళే.

అసలు మనం ఎవరి కోసం ఆరా తీస్తున్నాం, ఎవర్ని వదిలేస్తున్నాం అన్నది నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన ఫుట్‌బాల్ జట్టులో ఉన్నారు. 1960 రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టూ ఆయనదే. మరుసటి ఏడే అనారోగ్యంతో ఆట మానుకున్నారు. బెంగాల్‌లో, ఉత్తరపాడాలో ఒంటరిగా బతికి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు. అది కోటగారి దండ ఫొటోకి నెల ముందు. ఆ నెలలో మా గ్రూపుల్లో వెతికి చూశాను, బలరామ్ పేరు ఒక్కసారీ లేదు.

హైదరాబాదీ సయ్యద్ ఆబిద్ అలీ సంగతైతే చెప్పడానికే సిగ్గుగా ఉంది. 1967లో అడిలైడ్‌లో తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. 1971లో ఓవల్‌లో, ఇంగ్లండ్ గడ్డ మీద భారత్ మొట్టమొదటి టెస్టు గెలిచినప్పుడు ఆ గెలుపు ఫోర్ కొట్టింది ఆయన బ్యాటే. చివరి ఏళ్ళు ఇదే దేశంలో, కాలిఫోర్నియాలోని ట్రేసీలో ఉన్నారు. మా బావగారిల్లు అక్కడికి అరగంట దూరం. ఎన్నిసార్లు ఆ ఊరి మీదుగా వెళ్ళానో లెక్కలేదు. 2025 మార్చి 12న ఆయన పోయారన్న వార్తలోనే, అక్కడ ఉండేవారని నాకు తెలిసింది.

ఇక్కడి మన తెలుగు సంఘానికి నాదో విన్నపం. మన గ్రూపుల్లో ఎవరి మరణవార్తయినా ఇంటివాళ్ళు చెప్పేదాకా పెట్టకూడదని, ఆసుపత్రి మంచం మీది ఫొటో ఎవరిదైనా తీసేయాలని నిర్వాహకులు నిర్ణయం చేయాలి. దాంతోపాటు ఈ దేశంలో మన మధ్య ఉంటున్న పాత ఆటగాళ్ళెవరో, దూరదర్శన్ రోజుల నాటి కళాకారులెవరో ఒక జాబితా రాసుకుని, కదలగలిగిన రోజుల్లోనే ఉగాదికి పిలుద్దాం. రాలేనివాళ్ళ ఇంటికి, వాళ్ళకి వీలైతే, రెండు పళ్ళు పట్టుకుని మనమే వెళ్దాం. నేను కాలిఫోర్నియా వైపు చూసుకుంటాను.

కోటగారు 2025 జులై 13 తెల్లవారుజామున నిజంగానే పోయారు. పుట్టినరోజై మూడు రోజులే అయింది, ఎనభై మూడు నిండాయి. మాకిక్కడ శనివారం సాయంత్రం. మళ్ళీ దండ ఫొటోలు మొదలయ్యాయి. నేను ఎవరికీ పంపలేదు. హైదరాబాద్‌లో ఇంటివాళ్ళ మాట వచ్చిందని రూఢి చేసుకున్నాను. గుడివాడలో అమ్మ లేచే వేళదాకా ఆగి ఫోన్ చేశాను.

"అమ్మా, కోటగారు పోయారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఇంట్లోవాళ్ళు చెప్పారా నాన్నా?"

"చెప్పారమ్మా."

"అయ్యో," అని, టీవీ పెట్టకుండానే దేవుడి గదిలోకి వెళ్ళింది. ఫోన్ నాన్న తీసుకున్నాడు.