బెలూన్ డ్రైవర్‌ను తీసేయమనే వాళ్లతో నా గొడవ

వర్చువల్ మెషిన్ (ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే కంప్యూటర్) నెమ్మదించింది, గ్రాఫ్‌లో బెలూన్ గీత పైకి లేచింది, కాబట్టి మెషిన్ నుంచి ర్యామ్ వెనక్కు తీసుకునే బెలూన్ డ్రైవర్‌ను ఆపేయండి. సర్వర్లు చూసుకునే వాళ్ల మధ్య ఈ సలహా ఎంత ధీమాగా తిరుగుతోందంటే, కొత్త మెషిన్ తయారుచేయగానే మొదటి పనిగా దీన్ని అమలు చేసే జట్లు కూడా ఉన్నాయి. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఇవాళ తీరిగ్గా కూర్చుని ఎందుకో చెబుతాను.

మెషిన్‌కు 16 జీబీ ఇచ్చామంటే హోస్ట్, అంటే దాన్ని నడిపే అసలు సర్వర్, ఆ క్షణమే 16 జీబీ ర్యామ్ తీసి పక్కన పెట్టదు. గెస్ట్, అంటే మెషిన్ లోపలి ఆపరేటింగ్ సిస్టమ్, ఒక పేజీని (మెమరీలో ఒక చిన్న ముక్కను) మొదటిసారి ముట్టుకున్నప్పుడే దాని వెనక అసలు ర్యామ్ చేరుతుంది. ఇంతవరకు పొదుపే. చిక్కంతా ఆ తరువాత. గెస్ట్‌లో ఒక ప్రోగ్రామ్ ముగిసి పేజీలు ఖాళీ అయితే, ఆ సంగతిని గెస్ట్ తన జాబితాలో రాసుకుని ఊరుకుంటుంది. హోస్ట్‌కు కబురు వెళ్లదు. తాను నిజమైన యంత్రం మీదే నడుస్తున్నానని నమ్మే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ర్యామ్‌ను ఎవరికో తిరిగి అప్పగించాలన్న ఆలోచన ఎందుకు వస్తుంది? అందుకే కొన్నాళ్లు నడిచిన మెషిన్, లోపల సగం ఖాళీగా ఉన్నా, బయటి నుంచి చూస్తే ఇచ్చినదంతా వాడేస్తున్నట్టే కనబడుతుంది.

ఇప్పుడు హోస్ట్‌లో ర్యామ్ తగ్గిందనుకోండి. ఏ పేజీ పనికిరానిదో హోస్ట్‌కు తెలియదు. తెలిసింది గెస్ట్‌కు మాత్రమే. ఈ ముడిని విప్పే ఉపాయాన్ని కార్ల్ వాల్డ్‌స్పర్గర్ 2002లో వర్చువల్ మెషిన్లు నడిపే వీఎంవేర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఈఎస్‌ఎక్స్ సర్వర్ గురించి రాసిన పరిశోధన పత్రంలో వివరించాడు. గెస్ట్ లోపల ఒక చిన్న డ్రైవర్ ఉంటుంది. హోస్ట్ అడిగినప్పుడు అది బెలూన్‌లా ఉబ్బుతుంది, అంటే తనకు మెమరీ కావాలని గెస్ట్‌నే అడుగుతుంది. గెస్ట్ ముందు ఖాళీ పేజీలు ఇస్తుంది, అవి చాలకపోతే తన లెక్క ప్రకారం అంతగా అక్కరలేనివి వదులుకుంటుంది. ఆ పేజీల నంబర్లను డ్రైవర్ హోస్ట్‌కు చెబుతుంది, హోస్ట్ వాటి వెనక ఉన్న ర్యామ్‌ను తీసి ఇంకో మెషిన్‌కు ఇస్తుంది. ఏది వదలాలో తేల్చేది గెస్టే. మొత్తం ఏర్పాటులో తెలివి అంతా ఈ ఒక్క చోటే ఉంది. ఆ పత్రంలోని కొలతల్లో, బెలూన్ ఉబ్బిన మెషిన్ వేగం మొదటి నుంచీ తక్కువ ర్యామ్‌తో నడిపిన మెషిన్ వేగం కంటే 5 శాతం కూడా తగ్గలేదు.

ఈ డ్రైవర్‌ను తీసేస్తే ర్యామ్ కొరత తీరిపోతుందా? తీరదు. హోస్ట్ కొన్ని పేజీలను కుదించి చూస్తుంది, అదీ చాలకపోతే గెస్ట్‌కు చెప్పకుండా డిస్కులోకి తోసేస్తుంది. ఏ పేజీ ముఖ్యమో తెలియదు కాబట్టి ఎక్కువగా గుడ్డిగానే ఎంచుకుంటుంది. ఇంటాయన వచ్చి "అక్కరలేని సామాను ఇవ్వండి" అని అడిగితే తలుపు వేసేసి, ఆయన మారుతాళంతో వచ్చి చేతికి అందిన పెట్టె పట్టుకుపోతే లబోదిబోమన్నట్టు ఉంటుంది. పైగా ఇంకో విడ్డూరం జరుగుతుంది. హోస్ట్ డిస్కులో పడేసిన పేజీనే, కాసేపటికి గెస్ట్ కూడా తన స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు పేజీలు దాచే డిస్కు చోటులోకి) పంపాలనుకుంటుంది. అప్పుడు హోస్ట్ ఆ పేజీని డిస్కు నుంచి ర్యామ్‌లోకి తెచ్చి ఇవ్వాలి, గెస్ట్ దాన్ని వెంటనే మళ్లీ డిస్కుకు రాయాలి. ఎవరికీ అక్కరలేని పేజీ కోసం రెండు సార్లు డిస్కు పని! ఇంతా చేసి గ్రాఫ్‌లో బెలూన్ గీత మాత్రం సున్నా. సమస్య పరిష్కారమైందని నివేదికలో రాసుకుంటారు.

కొరతకు అసలు కారణం వేరే చోట ఉంటుంది. అప్లికేషన్ వాళ్లు 8 జీబీ సరిపోయే చోట 32 అడుగుతారు, ఎందుకని అడిగితే "ఎందుకైనా మంచిది" అంటారు. తరువాత ఒక జీబీ వెనక్కు తీసుకోవడానికి ప్రయత్నించండి, ఆస్తి పంపకాల తగాదాలా ఉంటుంది. సర్వర్లు చూసుకునే మన వాళ్లూ తక్కువేమీ కాదు. తెర మీద కనబడే యాక్టివ్ మెమరీ అంకె చూసి, 32లో 3 మాత్రమే వాడుతోందంటూ కోసేసే మహానుభావులున్నారు. ఆ అంకె కొన్ని పేజీలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఈమధ్య ఎన్నింటిని ముట్టుకున్నారో చూసి వేసిన అంచనా మాత్రమే. 2002 నాటి పద్ధతిలో 30 సెకన్లకు 100 పేజీలు. రాత్రి మాత్రమే పనిచేసే ప్రోగ్రామ్‌ను మధ్యాహ్నం అంకె చూసి కత్తిరిస్తే రాత్రికి ఫోను మోగుతుంది.

ఇంకా చికాకు పెట్టేది మెమరీ లిమిట్, అంటే ఒక మెషిన్‌కు హోస్ట్ ఇచ్చే ర్యామ్‌కు పెట్టిన హద్దు. కొత్త మెషిన్లకు అచ్చుగా వాడే టెంప్లేట్‌లో ఎవరో ఎప్పుడో 4 జీబీ అని పెట్టి మరిచిపోయి ఉంటారు. ఆ టెంప్లేట్‌తో మెషిన్ చేసి 16 ఇస్తారు. గెస్ట్ తనకు 16 ఉందనుకుంటుంది, హోస్ట్ 4 దాటి ఇవ్వదు. హోస్ట్ సగానికి సగం ఖాళీగా ఉన్నా ఈ మెషిన్‌లో బెలూన్ ఉబ్బుతూనే ఉంటుంది. చెడ్డపేరు మాత్రం బెలూన్‌కే.

ఒకే రకం పేజీలను హోస్ట్ ఒక్క కాపీగా ఉంచి మెషిన్ల మధ్య పంచుతుందిలే అని పాత రోజుల ధైర్యంతో ఉండే వాళ్లకు ఒక మాట. భద్రతా కారణాలతో వీఎంవేర్ దాన్ని 2014 నుంచి వేర్వేరు మెషిన్ల మధ్య ముందుగానే ఆపి పెట్టి ఇస్తోంది. లినక్స్‌లో వర్చువల్ మెషిన్లు నడిపే కేవీఎం వాడే వాళ్లు మరీ ధీమాగా ఉండనక్కరలేదు. అక్కడ మెషిన్ అంటే లినక్స్‌లో ఒక మామూలు ప్రాసెస్, ర్యామ్ పూర్తిగా అడుగంటితే కెర్నల్ ఆ ప్రాసెస్‌నే చంపేయగలదు.

"మా డేటాబేస్‌లో బెలూన్ ఉబ్బితే గతేమిటి" అని అడిగితే, న్యాయమైన ప్రశ్నే. జావా మెషిన్లకూ ఇదే భయం ఉంది, హీప్ (ప్రోగ్రామ్ డేటా ఉండే మెమరీ) మొత్తాన్ని చెత్త ఏరివేత (గార్బేజ్ కలెక్షన్) పదేపదే ముట్టుకుంటూ ఉంటుంది కాబట్టి అక్కడ వదులుకోదగిన పేజీలు దొరకడం కష్టం. అలాంటి మెషిన్లకు ఇచ్చిన మెమరీ మొత్తానికి రిజర్వేషన్ పెట్టండి. అప్పుడు ఆ ర్యామ్ జోలికి హోస్ట్ రాదు, వీఎంవేర్‌లో ఆ మెషిన్ కోసం హోస్ట్ ఉంచే స్వాప్ ఫైలు పరిమాణం కూడా సున్నా అవుతుంది. డ్రైవర్ దాని మానాన అది ఖాళీగా కూర్చుంటుంది, తీసేయాల్సిన పనే లేదు.