గుడ్డ తియ్యండి ముందు

బల్లార్షాలో మే నెల. బయట 45 డిగ్రీలు, గాలినిండా బొగ్గుదుమ్ము. ఆ ఎండల్లో పీఎస్4ను, అదే సోనీ గేమ్ కన్సోల్‌ను, టీవీ కింది చెక్క అరలో కుక్కి, పైన అల్లికల గుడ్డ కప్పి, అది వేడెక్కి ఆగిపోతే "సరుకే నాసిరకం" అంటారు! గుడ్డ తియ్యండి ముందు.

అంతకన్నా మంట రిపేరు షాపులతో. సర్వీసింగ్ అంటే వాళ్లకు బయటి నుంచి బ్లోయర్ కొట్టడమే. ఫ్యాన్‌ను వేలితో ఆపకుండా కొడితే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. దుమ్మేమో చిప్ వేడిని లాగే లోహపు హీట్‌సింక్ రెక్కల మధ్య గడ్డకట్టి అక్కడే ఉంటుంది. కన్సోల్ విప్పాలి. మధ్యలో చిల్లున్న నక్షత్రపు మొన టార్క్స్ బిట్ లేక స్క్రూ తలలు చెక్కేస్తారు. చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేర్చే పేస్టు ఒకటుంటుంది; సున్నంలా ఎండిన ఆ పాత పేస్టును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠానీగింజంత పెడితే చాలు. జొన్నరొట్టెకు కారం పూసినట్టు కాదు! పీఎస్5లోనైతే పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్, అంటే కరెంటు పారే ద్రవలోహం. బోర్డు మీదికి చుక్క జారితే షార్టే.

ఇక హీట్ గన్ వైద్యం. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 పాడై ముందు ఎర్ర లైట్ల రింగ్ వెలిగిన కాలం నుంచీ ఉంది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి చిప్ లోపలి టంకం చిట్లిందయ్యా. పైనుంచి కాలిస్తే కొన్నాళ్లు అతుక్కున్నట్టు నటిస్తుంది, అంతే. ఆ లోపానికి మైక్రోసాఫ్టే 2007లో వారంటీని 3 ఏళ్లకు పెంచి, 100 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. అది డిజైన్ తప్పు, దుమ్ముది కాదు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లేమో మెనూ వెలగగానే డబ్బులిచ్చేస్తారు. బరువైన గేమ్ ఒక్క అరగంట ఆడించి చూడరేం?