ఆ కన్నాలు మూయకండి, ఆ మొక్కను పీకకండి

మూడు వారాలుగా ఇక్కడ ఏమీ రాయకుండా నోరు కట్టుకొని ఉన్నాను. మా కాలనీ సంఘంవాళ్లు రక్షణ గోడలోని నీటి కన్నాలు మూయిస్తున్నారు, వాటి దగ్గర మొలిచే మొక్కలను చంపిస్తున్నారు. ఇవాళ ఉదయం మా వీధి చివరి రక్షణ గోడ చూసి వచ్చాక ఇక ఆగలేకపోయాను. కాస్త పెద్ద పోస్టే అవుతుంది. విశాఖలో కొండ కింద ఇల్లున్నవాళ్లు మాత్రం ఓపిక చేసుకొని చదవండి.

మాది మాధవధార వైపు. వెనక సింహాచలం కొండ. ఈ ఊళ్లో పేటల పేర్లలోనే నీటి జాడ ఉంది: మాధవధార, సీతమ్మధార. కొండలో ఇంకిన వాన ఎక్కడో ఒకచోట ఊటై బయటికి రావలసిందే. ఇళ్ల కోసం వాలు తొలిచి రాతి గోడ కట్టిన మేస్త్రీలకు ఆ సంగతి తెలుసు కాబట్టే, రెండు మూడు అడుగులకొకటి చొప్పున వరుసగా కన్నాలు వదిలారు. కొన్నింటికి ప్లాస్టిక్ గొట్టం ముక్కలు కూడా బిగించారు. జూన్‌లో వానలు మొదలైతే చాలు, వాటిలో నుంచి నీరు బొట్లు బొట్లుగా కారుతుంది. నీరు కారే ప్రతి కన్నం దగ్గరా ఒక పచ్చటి కుచ్చు వేలాడుతుంది.

ఆ కుచ్చును మా వీధిలో అందరూ పిచ్చి మొక్క అంటారు. పువ్వు పూయనిది, కాయ కాయనిది, కూరకు పనికిరానిది ఏదైనా సరే, మనకు పిచ్చి మొక్కే. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది. దానికి పేరుంది. టెరిస్ విట్టాటా. పువ్వు, విత్తనం లేకుండానే పెరిగే ఫెర్న్ జాతి మొక్క. 1753లో వృక్షశాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరు. లాటిన్‌లో విట్టా అంటే పట్టీ, రిబ్బను. ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఒక ఆకును వెనక్కి తిప్పి చూడాలి.

నిన్న మా మనవరాలికి అదే చూపించాను. ఆకు మూరెడు పొడవుంది. నడి ఈనెకు రెండు వైపులా సన్నటి పత్రకాలు, కొస దగ్గర ఉన్నది అన్నింటికంటే పొడుగు, కిందికి వచ్చేకొద్దీ చిన్నవై, కాడ మొదట్లో వేలిగోరంత మిగిలాయి. వెనక్కి తిప్పితే ప్రతి పత్రకానికీ రెండు అంచుల వెంట గోధుమరంగు గీత. నేత చీర అంచంత తీరుగా, ఎక్కడా తప్పిపోకుండా ఉంది. పత్రకం అంచే సన్నగా లోపలికి మడిచి ఆ గీతను కప్పుతుంది. ఆ మడత కింద ఉన్నవి సిద్ధబీజాశయాలు, అంటే సిద్ధబీజాలనే పొడి తయారయ్యే సంచులు. ఒక పత్రకాన్ని తెల్ల కాగితం మీద బోర్లించి, పైన పుస్తకం పెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున తీస్తే కాగితం మీద రెండు సన్నని పొడి గీతలు! పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది, తుమ్మితే ఎగిరిపోతాయని.

ఆ పొడిలోని ఒక్కొక్క రేణువూ ఒక సిద్ధబీజం. విత్తనం కాదు. విత్తనంలో పిండం ఉంటుంది, దానికి తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట ఉంటుంది. సిద్ధబీజానికి అవేమీ లేవు, ఒకే ఒక్క కణం. సిద్ధబీజాశయం చుట్టూ మందమైన గోడలున్న కణాల వలయం ఒకటి ఉంటుంది. ఎండకు తడి ఆరేకొద్దీ అది వెనక్కి వంగి, ఒక్కసారిగా ముందుకు కొట్టుకొని, ఒడిసెలతో రాయి విసిరినట్టు సిద్ధబీజాలను గాలిలోకి విసురుతుంది. ఇక గాలి ఎటు తీసుకుపోతే అటు. లక్షల్లో ఏ ఒక్కటో తడి ఉన్న రాతి సందులో పడుతుంది.

పడగానే ఫెర్న్ మొక్క మొలవదు. ముందు వేలిగోరు కంటే చిన్నదైన, హృదయం ఆకారంలో ఉండే పల్చటి ఆకుపచ్చ బిళ్ల ఒకటి రాతికి అతుక్కొని పెరుగుతుంది. అదే సంయోగబీజదం. ఆడ, మగ బీజకణాలు పుట్టేది దాని మీదే. పురుషబీజాలకు తోకలుంటాయి, అవి ఈదుకుంటూ స్త్రీబీజాన్ని చేరాలి. తేనెటీగ రాదు, పుప్పొడి లేదు. రాతి మీద పల్చటి నీటి పొర ఉంటేనే ఆ ప్రయాణం. పొర ఆరిపోతే అక్కడితో కథ ముగిసినట్టే. అంటే గోడ మీద ఒక ఫెర్న్ కనిపించిందంటే, ఆ చోట వారాల తరబడి తడి నిలిచిందని రాసి ఇచ్చినట్టు లెక్క. ఇంతకంటే నమ్మకమైన చెమ్మ గుర్తు ఏ ఇంజనీరు దగ్గరా దొరకదు. మొక్క వచ్చాక గోడ చెమ్మగిల్లలేదు, గోడ చెమ్మగిల్లింది కాబట్టే మొక్క వచ్చింది. ఈ ఒక్క ముక్క మా సంఘంవాళ్లకు చెప్పలేక మూడు సమావేశాల్లో గొంతు పోగొట్టుకున్నాను.

ఇంకో విశేషముంది. ఈ ఫెర్న్‌కు సున్నమంటే ప్రాణం. మన విశాఖ కొండలు ఖొండలైటు రాయి, అందులో సున్నం లేదు. సున్నపురాయి చూడాలంటే బొర్రా గుహల దాకా పోవాలి. మరి ఊళ్లోకి ఈ మొక్క ఎలా వచ్చింది? మనమే పిలిచాం. గానుగ సున్నంతో కట్టిన పాత గోడలు, ఆ తర్వాత సిమెంటు గోడలు, కాలువల పక్కలు, బావుల ఒరలు... దాని లెక్కలో ఇవన్నీ సున్నపురాయి కొండచరియలే. వన్ టౌన్‌లో పాత ఇళ్ల ప్రహరీలను ఒక్కసారి నింపాదిగా చూడండి. సున్నం వదులైన గీతల వెంటే ఫెర్న్‌లు వరుస కట్టి ఉంటాయి.

ఇక పాషాణం సంగతి. 2001లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన లీనా మా అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు రాసినది. కలప పుచ్చిపోకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించే పాత కార్ఖానా స్థలంలో ఈ టెరిస్ విట్టాటాయే నిక్షేపంగా పెరుగుతోంది. ఆకులు కోసి పరీక్షిస్తే అందులో ఆర్సెనిక్, అంటే మనవాళ్లు పాషాణం అనేదే, పేరుకుపోయి ఉంది. పాషాణం ఎక్కువగా కలిపిన మట్టిలో పెంచి చూస్తే ఎండిన ఆకు బరువులో 2 శాతం దాటింది. మామూలు మొక్క అందులో వందో వంతుకే మాడిపోతుంది. మట్టిలోని విషాన్ని అంతగా పీల్చి దాచుకునే మొక్కగా లోకానికి తెలిసిన మొదటి ఫెర్న్ ఇదే.

ఎలా చేస్తుందంటే, నేలలో ఆర్సెనిక్ ఉండే ఒక రూపమైన ఆర్సెనేట్ చూడటానికి భాస్వరం ఇచ్చే ఫాస్ఫేట్‌లాగే ఉంటుంది. వేరు దాన్ని భాస్వరం దారినే లోపలికి తీసుకుంటుంది. మిగతా మొక్కలకు అదే చావు. ఈ ఫెర్న్ మాత్రం దాన్ని వేరులో ఉంచుకోకుండా ఆకులకు పంపి, ఆకు కణాల్లోని రిక్తికల్లో, అంటే సంచుల్లాంటి గదుల్లో పెట్టి తలుపు వేసేస్తుంది. ఆ విషమే దానికి కాపలా కూడా. పాషాణం నిండిన ఆకులను మిడతలు ముట్టవని ప్రయోగాల్లో తేలింది. కలుషితమైన నేలను ఈ ఫెర్న్ నాటి బాగుచేసే ప్రయత్నాలు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. కోసిన ఆకులను మళ్లీ మట్టిలో కలపకుండా జాగ్రత్తగా తీసేయాలి, అంతే. మన గోడ మీది ఫెర్న్‌ను చూసి మాత్రం ఎవరూ భయపడనక్కర్లేదు. అది పాషాణాన్ని పుట్టించదు, ఉన్నచోట పీల్చుకుంటుంది. ముట్టుకుంటే ఏమీ కాదు, తినకపోతే చాలు.

ఇంత చరిత్ర ఉన్న మొక్క మీద యాసిడ్ పోశారు.

పోసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్నానాల గదులు కడిగే యాసిడ్ డబ్బా తెచ్చి ఆకుల మొదళ్లలో పోస్తే గోడంతా బుసబుసమని నురగ వచ్చింది. “చూశారా మేడమ్, మొక్క ఎలా మాడిపోతుందో” అన్నాడు యాసిడ్ పోసిన కుర్రాడు. బాబూ, ఆ నురగ మొక్కది కాదు, గోడది. యాసిడ్ తగలగానే సున్నం కరిగి బొగ్గుపులుసు వాయువు బుడగలై పోతోంది. రాళ్లను పట్టి ఉంచేదే ఆ సున్నం. మొక్క ముప్పై ఏళ్లు కూర్చున్నా తినలేనంత సున్నాన్ని ఒక్క డబ్బా పదినిమిషాల్లో తినేస్తుంది. పైగా మిగిలే క్లోరైడ్ గాలిలోని తేమను లాక్కొని గోడను ఎప్పుడూ తడిగానే ఉంచుతుంది, కాంక్రీటులోకి ఇంకితే ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తుంది. సముద్రపు ఉప్పుగాలితో ఇప్పటికే ఊచలు తుప్పు పట్టి పెచ్చులూడుతున్న ఊరు మనది. దానికి తోడు మనం డబ్బులిచ్చి మరింత క్లోరైడ్ పోయిస్తున్నాం!

“మరి రావి మొక్క గోడలు పగలగొట్టదా?” అని అడుగుతారు. పగలగొడుతుంది, ఒప్పుకుంటాను. కోయిలలు, గోరింకలు పండు తిని రెట్ట వేసినచోట రావి, మర్రి, జువ్వి మొలుస్తాయి. వాటి వేరుకు ద్వితీయ వృద్ధి ఉంది, ఏటేటా లావెక్కుతుంది. ఇవాళ దారపు పోగులా సందులోకి దూరిన వేరు పదేళ్లకు తొడంత అయి రాయిని పక్కకు నెడుతుంది. కాబట్టి రావి మొలక రెండాకులు వేసినప్పుడే, వాన పడి గోడ నానిన రోజున, వేరుతో సహా మెల్లగా లాగి నేలలో ఎక్కడైనా నాటండి. దేవతా వృక్షమని వదిలేసి, చెట్టయ్యాక రాత్రిపూట ఎవరూ చూడకుండా యాసిడ్ పోయడం కంటే అది ఎంతో మేలు. కానీ ఫెర్న్ వేరుకు ఆ లావెక్కే గుణమే లేదు. అల్లం కొమ్ము లాంటి పొట్టి కాండం, దాని కింద నల్లటి వెంట్రుకల్లాంటి వేర్లు, జీవితమంతా అంతే సన్నం. పెళుసెక్కి రాలిపోతున్న పురాతన కట్టడాల విషయం వేరు, అక్కడ ఏ మొక్కను ఎలా తీయాలో తెలిసినవాళ్లు తీస్తారు. మన వీధి గోడల మీద రావినీ ఫెర్న్‌నూ ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయం.

ఆ కుచ్చుల్లో ఏముందో కూడా చూశాను. గొట్టం లోపల గోలీకాయంత కప్ప ఒకటి. ఆకుల మొదట్లో నత్తపిల్లలు. చుట్ట విప్పుకుంటున్న లేత ఆకు మీద గెంతే సాలీడు ఒకటి నా వైపు తిరిగి కూర్చుంది. రాత్రి వీధి దీపం పురుగులకు కాపువేసే బల్లులు పగలంతా ఉండేది అక్కడే. ఎండిన ఆకులు, ధూళి, నాచు కలిసి రాయి మీద అరంగుళం మట్టి పేరుకుంది. ఎవరూ నీళ్లు పోయలేదు, ఎరువు వేయలేదు.

ఇప్పుడు అసలు భయం చెబుతాను. మొక్కలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని సంఘంవాళ్లు కన్నాలే మూసేయమన్నారు. మేస్త్రీని అడిగాను. “ఆ కన్నాలుంటేనే మొక్కలొస్తున్నాయట మేడమ్, మూసేయమన్నారు, మూస్తున్నాను. మూయకూడదని నాకూ తెలుసు. చెబితే వినేదెవరు?” అన్నాడు. అతణ్ణి నేను తప్పుపట్టను.

కన్నం మూస్తే నీరు ఆగదు, గోడ వెనక నిలుస్తుంది. నిలిచిన నీటి మట్టం మీటరు పెరిగితే అడుగున చదరపు మీటరుకు 1 టన్ను ఒత్తిడి. మా గోడ ఎత్తు సుమారు 3 మీటర్లు. వెనక నిండా నీరు నిలిస్తే అడుగున 3 టన్నులు, దానికి నానిన మట్టి బరువు అదనం. ఆ గోడకు ఇవతల ఆటోలు ఆగుతాయి, పిల్లలు బడి బస్సు కోసం నిలబడతారు. అక్టోబరు వానంటే ఏమిటో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు నేను చెప్పేదేముంది.

మూడు వారాల కింద నాలుగు కన్నాలు మూశారు. ఇవాళ ఉదయం వెళ్లి చూస్తే, ఆ నాలుగింటి చుట్టూ గోడ నల్లగా తడిసి ఉంది, తడి అంచుల్లో తెల్లటి ఉప్పు చారలు. మూసిన రెండో కన్నానికి జానెడు దూరంలో, రాళ్ల మధ్య ఇంతకుముందు లేని సన్నటి చీలిక. దాని లోపల, యాసిడ్‌కు చావకుండా మిగిలిన కాండం నుంచి మూడు లేత ఆకులు గడియారం స్ప్రింగుల్లా చుట్ట చుట్టుకొని పైకి లేస్తున్నాయి. నీరు కొత్త దారి ఎక్కడ వెతుక్కుంటోందో అవే చూపిస్తున్నాయి.

వచ్చే ఆదివారం మిగిలిన పదకొండు కన్నాలూ మూస్తారట. సంఘం పెద్దలకు నేను ఇప్పటికే రాసి ఇచ్చాను: మూసిన నాలుగూ తెరిపించండి, గోడకు రంగు వేయించడానికి ఉంచిన డబ్బులతో ఒక నిర్మాణ ఇంజనీరును పిలిపించి గోడ చూపించండి, రావి మొలకలు నేనే వచ్చి తీస్తాను. ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఆ గోడ దగ్గర ఉంటాను. మన వీధివాళ్లు ఎవరు వచ్చినా సరే, ఒక భూతద్దం తెస్తాను, ముందు ఆకు వెనక్కి తిప్పి చూపిస్తాను.