బావిలో మోటారు, కొండ మీద పాదరసం

బావి గట్టున మోటారు పెట్టి నీళ్లు తోడే రైతుకు ఒక సంగతి తెలుసు. నీటిమట్టం మరీ కిందికి పోతే మోటారు ఎంత తిరిగినా నీళ్లు రావు, మోటారునే బావిలోకి దించాలి. ఇటలీలో పంపులు వాడేవాళ్లకు ఈ హద్దు 400 ఏళ్ల కిందటే ఎదురైంది. సుమారు 10 మీటర్లు దాటితే నీరు ఎక్కదు. 1638లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో కూడా ఈ మాట రాశాడు.

ప్రకృతికి శూన్యం గిట్టదు, అందుకే ఖాళీ ఏర్పడకుండా నీరు పైకి వస్తుంది అనేది అప్పటి పండితుల వివరణ. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం అన్యాయం. అరిస్టాటిల్ కాలం నుంచి వచ్చిన తర్కం దాని వెనక ఉంది, రోజూ చూసే చాలా విషయాలకు అది సరిపోయింది కూడా. కానీ ఆ గిట్టకపోవడం 10 మీటర్ల దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి నీటికి బదులు దానికన్నా 13.6 రెట్లు బరువైన పాదరసాన్ని తీసుకున్నాడు. ఒక చివర మూసిన గాజు గొట్టం నిండా పాదరసం నింపి గిన్నెలో బోర్లిస్తే అది సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబడింది. మనం గాలి సముద్రం అడుగున బతుకుతున్నామని, ఆ గాలి బరువే పాదరసాన్ని నిలబెడుతోందని 1644లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు.

నిజంగా బరువే కారణమైతే, కొండెక్కితే పైన గాలి తగ్గుతుంది కాబట్టి పాదరసమూ దిగాలి. ఫ్రాన్స్‌లో గణితవేత్త పాస్కల్‌కు తట్టిన ఆలోచన ఇది. ఆయన బావ (అక్క భర్త) ఫ్లోరిన్ పెరియే 1648 సెప్టెంబర్ 19న ప్యూయి ద డోమ్ అనే కొండెక్కాడు. వెంట మతగురువులు, న్యాయాధికారులు, ఒక వైద్యుడు ఉన్నారు. శిఖరం మీద పాదరసం కింద ఉన్నప్పటికన్నా దాదాపు 8.5 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో నిలిచింది. పెరియే అంతటితో వదల్లేదు. అక్కడి చిన్న ప్రార్థనా మందిరం లోపల, ఆరుబయట, ఈదురుగాలిలో, పొగమంచులో మొత్తం ఐదుసార్లు కొలిచాడు.

నన్ను బాగా కదిలించేది మాత్రం కింద ఊళ్లో ఉంచిన రెండో గొట్టం. క్లెర్మాన్‌లోని మఠంలో ఒక సన్యాసి రోజంతా దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. అందులో పాదరసం కదల్లేదు. ఆ గొట్టమే లేకపోతే, పైన వచ్చిన తేడా వాతావరణం మారడం వల్లనని ఎవరైనా అనగలిగేవారు. తన వాదనకు రాబోయే అభ్యంతరాన్ని తనే ముందుగా ఊహించి, దానికి ఒక మనిషిని కాపలా పెట్టడం! ఆ శతాబ్దంలో ప్రకృతిని చూసే తీరు ఎంత మారిందో నాకు ఇక్కడే బాగా కనిపిస్తుంది. అప్పటిదాకా ప్రకృతికి ఇష్టాలు, భయాలు అంటగట్టి ఎక్కడో ఒకచోట సర్దుకున్నారు. బరువుకు అలాంటి వెసులుబాటు లేదు. ఎంత ఎత్తుకు ఎంత తగ్గాలో అంతా తగ్గాలి. తగ్గకపోతే మాట తప్పినట్టే. మన బడుల్లో 76 సెంటీమీటర్ల అంకెను బట్టీ పట్టిస్తున్నాం, ఆ సన్యాసి రోజంతా అక్కడ ఎందుకు కూర్చున్నాడో చెప్పడం లేదు. అది నాకు బాధగా ఉంటుంది.

కబురు అందాక పాస్కల్ పారిస్‌లో సెయింట్ జాక్ గోపురం ఎక్కి తనూ కొలిచాడు. అక్కడా తేడా వచ్చింది. తర్వాత ఒక మామూలు ఇంట్లో 90 మెట్లు లెక్కపెట్టి ఎక్కాడు. పాదరసం సుమారు ఒక మిల్లీమీటరు దిగింది.