మసాజ్ చేస్తే కుక్క కీళ్ల నొప్పులు నయమవుతాయా?

కుక్కల్ని పెంచుకునేవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "రోజూ పావుగంట మసాజ్ చేస్తే కుక్క కీళ్ల నొప్పులు నయమవుతాయి, ఒంట్లోని విషాలు బయటికి పోతాయి. బిగుసుకున్న చోట గట్టిగా నొక్కండి. కదలకుండా ఉందంటే దానికి నచ్చినట్టే. మందులు కిడ్నీలు పాడు చేస్తాయి, వాటి జోలికి పోకండి." ఇదీ దాని సారాంశం. మసాజ్‌తో నాకు పేచీ లేదు. దాని పేరు చెప్పి వైద్యం మాన్పిస్తున్నారు, అదే నా అభ్యంతరం.

ముందు ఈ నయమవడం సంగతి చూద్దాం. ఆస్టియో ఆర్థ్రైటిస్ అనే కీళ్లరోగంలో కీలు లోపలి మృదులాస్థి (ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర) అరుగుతుంది. దానికి సొంత రక్తనాళాలు లేవు కాబట్టి దెబ్బతింటే సరిగా కోలుకోదు. పైనుంచి ఎంత మర్దనా చేసినా అది తిరిగి పెరగదు. మోకాలిలో తెగిన లిగమెంటూ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) అంతే, మసాజ్‌తో అతుక్కోదు.

"మరి మసాజ్ చేశాక మా కుక్క హుషారుగా నడుస్తోందే" అంటారు. నడవొచ్చు, అందులో అబద్ధమేమీ లేదు. నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. వెనక తుంటి నొప్పెడితే అది ఇంకాస్త బరువు ముందుకు వేస్తుంది. మనకున్నట్టు భుజాన్ని ఛాతీతో కలిపే కాలర్ బోన్ కుక్కకు ఉండదు, ముందుకాళ్లను ఒంటికి పట్టి ఉంచేవి కండరాలే. దాంతో అదనపు భారమంతా మెడ, భుజాల కండరాల మీద పడి అవి బిగుసుకుంటాయి. అక్కడ అరచేత్తో నెమ్మదిగా రుద్దితే హాయిగానే ఉంటుంది. తగ్గింది ఆ బిగువే, తుంటిలో అరుగుదల మాత్రం అలాగే ఉంది. (చాలామంది కుంటే కాలినే పిసుకుతారు. పాపం, భుజాల సంగతి ఎవరికీ తట్టదు.)

విషాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ పని కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి. పరుగు వల్ల చేరే ల్యాక్టిక్ ఆమ్లాన్ని కాసేపు విశ్రాంతి దొరికితే శరీరమే వాడేసుకుంటుంది.

"గట్టిగా నొక్కండి" అన్న సలహాతోనే అసలు ప్రమాదం. డాక్స్‌హుండ్ లాంటి జాతుల్లో వెన్నుపూసల మధ్య డిస్క్ జారడం మామూలు. అలాంటి వెన్ను మీద వేళ్లతో నొక్కితే నొప్పి, నష్టం రెండూ పెరగొచ్చు. చర్మం కింద గడ్డ తగిలితే అసలే పిసకకూడదు. అది మాస్ట్ సెల్ ట్యూమర్ (కుక్కల్లో వచ్చే ఒక రకం చర్మ క్యాన్సర్) అయితే, నలిపినప్పుడు హిస్టమిన్ అనే రసాయనం విడుదలై చుట్టూ ఎర్రబడి వాస్తుంది. జ్వరం ఉన్నా, ఉన్నట్టుండి కుంటడం మొదలుపెట్టినా మసాజ్ పక్కనపెట్టి పశువైద్యుడికి చూపించాలి.

ఇక కదలకుండా ఉంటే నచ్చినట్టేనా? భయపడ్డ కుక్క కూడా బిగుసుకుని అలాగే ఉండిపోతుంది. పెదాలు నాక్కోవడం, నిద్ర రాకున్నా ఆవలించడం, తల పక్కకు తిప్పుకోవడం, కంట్లో తెల్లగుడ్డు కనబడటం టెన్షన్‌కు గుర్తులు. తేల్చుకోవడం తేలికే. చెయ్యి తీసేసి కాసేపు ఆగండి. కావాలనుకుంటే దగ్గరికొచ్చి ఒరుసుకుంటుంది, వద్దనుకుంటే లేచి వెళ్తుంది. వెళ్తే వెళ్లనివ్వాలి, పట్టుకుని కూర్చోబెట్టకూడదు. రోజూ ఒళ్లు తడమడం వల్ల ఇంకో లాభం ఉంది, ఆ మెసేజ్ రాసినవాళ్లు దాన్ని వదిలేశారు. ఒక తొడ రెండోదానికంటే సన్నబడినా, ఒక కీలు వేడిగా ఉన్నా, కొత్త గడ్డ లేచినా ముందుగా చేతికే తెలుస్తుంది.

చివరిది మందులు. కార్ప్రొఫెన్, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులకు దుష్ప్రభావాలు ఉన్న మాట నిజం. అందుకే డాక్టర్లు బరువును బట్టి మోతాదు రాస్తారు, రక్తపరీక్షలు చేయిస్తారు. నొప్పిని అలా వదిలేస్తే కుక్క కదలడం తగ్గించేస్తుంది, కండ కరుగుతుంది, కీలుకు ఆసరా పోతుంది. మందు మోతాదు తగ్గాలన్న కోరిక ఉంటే ముందు కుక్క బరువు పెరగకుండా చూడాలి. లాబ్రడార్లను జతలుగా విడదీసి చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. అందులో జతలో రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. వాటికి కీళ్లరోగానికి చికిత్స అవసరమైంది కూడా ఆలస్యంగానే. ఇక డాక్టర్ రాసిన మందు మానేసి, ఇంట్లో ఉంది కదా అని మనుషుల ఐబుప్రొఫెన్ సగం బిళ్ల వేసేవాళ్లున్నారు. ఆ బిళ్లతో కుక్క కడుపులో పుళ్లు పడొచ్చు, కిడ్నీలూ దెబ్బతినొచ్చు.