రిటైర్మెంట్ వీసా మీద లాప్‌టాప్ తెరిస్తే

థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసాకు 50 ఏళ్లు నిండాలి. బ్యాంకులో 8 లక్షల బాట్లు ఉండాలి, లేదా నెలకు 65 వేల బాట్ల ఆదాయం చూపించాలి. అక్కడికి వెళ్లాక 90 రోజులకోసారి ఇమిగ్రేషన్ వాళ్లకు చిరునామా చెప్పుకోవాలి. వీటి గురించి ఏజెంట్‌ను అందరూ గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇంకో షరతు ఉంది, దాన్ని మాత్రం ఎవరూ కదపరు: ఆ వీసా మీద ఉన్నంతకాలం పని చేయకూడదు.

పని అంటే ఏమిటన్నదే తిరకాసు. బ్యాంకాక్‌లో హోటల్ నడిపితే పని, సరే. చియాంగ్ మాయ్‌లో అద్దెకు తీసుకున్న గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీ ఫైళ్లు రోజుకు మూడు గంటలు చూసిపెడితే? జీతం మాదాపూర్ బ్రాంచిలోని ఖాతాలో పడుతుంది. థాయ్ మనిషి ఉద్యోగం ఒక్కటీ పోలేదు. ఇది పనేనా?

మన దగ్గర థాయ్‌లాండ్ అనగానే ముసిముసిగా నవ్వేవాళ్లే ఎక్కువ కాబట్టి, ఈ ప్రశ్నను సీరియస్‌గా తీసుకునేవాళ్లు తక్కువ. కానీ ఐటీలో పాతికేళ్లు చేసి, యాభై దాటాక ఉద్యోగం ఊడి, కన్సల్టింగ్‌తో నెట్టుకొస్తున్నవాళ్లకు ఇది నవ్వులాట కాదు. అమెరికా, యూరప్ పెన్షనర్ నెలకు 65 వేల బాట్లు చూపించడం ఒక ఎత్తు, మనవాడు చూపించడం ఒక ఎత్తు. మన రూపాయల్లో అది లక్షన్నర దాటుతుంది. ఈపీఎఫ్ పెన్షన్ పథకంలో కనీస పెన్షన్ 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. అంతకంటే బాగా వచ్చేవాళ్లున్నా లక్షన్నరకు చేరేవాళ్లెవరు? అందుకే మనవాళ్లు ఫ్లాటు అమ్మిన డబ్బో, పీఎఫ్ సొమ్మో బ్యాంకులో చూపించి వీసా సంపాదించడం, వేన్నీళ్లకు చన్నీళ్లు తోడని కన్సల్టింగ్ కొనసాగించడం జరిగేపనే. పని చేయకూడదనే వీసా, పని చేస్తే తప్ప సాగని బతుకు.

థాయ్ చట్టం వీళ్ల పక్షాన లేదు. విదేశీయుల పనికి సంబంధించి 2017లో వచ్చిన అత్యవసర శాసనాన్ని 2018లో సవరించారు. అందులో పని నిర్వచనానికి యజమాని ఉన్నాడా లేడా అన్నదానితో నిమిత్తం లేదు. వర్క్ పర్మిట్ లేకుండా దొరికితే 5 వేల నుంచి 50 వేల బాట్ల జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించేయడం. కండోమినియం తలుపు కొట్టి మీ లాప్‌టాప్‌లో ఏముందని పోలీసులు అడగడం జరిగే పని కాదు, నిజమే. అందరూ ధైర్యం చెప్పుకునేదీ ఇక్కడే.

నా లెక్కన చిక్కు పోలీసులతో రాదు, పన్నుతో వస్తుంది. థాయ్ రెవెన్యూ కోడ్ 41వ సెక్షన్ ప్రకారం ఆ దేశంలో చేసిన పనికి వచ్చిన డబ్బు ఆ దేశపు ఆదాయమే, అది ఏ దేశంలో చెల్లించినా సరే. అంటే మాదాపూర్ ఖాతాలో పడిన జీతం చియాంగ్ మాయ్‌లో సంపాదించినట్టు లెక్క. ఇక్కడి ఖాతాలో పడింది కాబట్టి మన ఆదాయపు పన్ను శాఖ తన వాటా తాను అడుగుతుంది. ఒకే రూపాయికి ఇద్దరు వసూలుదార్లు. ఇలాంటప్పటికే రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది. మరి దాన్ని వాడుకోవాలంటే? నేను థాయ్‌లాండ్‌లో నివాసిని, ఈ పని అక్కడే కూర్చుని చేశాను అని కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితమే ఇమిగ్రేషన్‌కు మీరిచ్చిన మాట తప్పారనడానికి సాక్ష్యం. పన్నుల ఆఫీసులో నిజం చెబితే వీసా ఆఫీసులో దొరికిపోతారు. వీసా కాపాడుకుందామని ఊరుకుంటే పన్ను ఎగవేతదారు అవుతారు. 2024 జనవరి నుంచి మరో ముడి పడింది: ఏడాదిలో 180 రోజులు ఉన్నవాళ్లు విదేశీ ఆదాయాన్ని థాయ్‌లాండ్‌కు తెచ్చుకుంటే, అది ఆ తేదీ తర్వాత సంపాదించినదైతే, ఏ ఏడాదిదైనా పన్ను లెక్కలోకి వస్తుంది. అంతకుముందు సంపాదించిన ఏడాది దాటాక తెచ్చుకుంటే వదిలేసేవారు.

అలాగని ప్రభుత్వాల తర్కం నాకు పూర్తిగా నచ్చిందని కాదు. కూకట్‌పల్లిలో మూడు ఫ్లాట్ల అద్దె తింటూ సముద్రం ఒడ్డున పడుకున్నవాడు మర్యాదస్తుడు. తన బుర్ర వాడి రోజుకు మూడు గంటలు పని చేసుకునేవాడు నేరస్తుడు. ఇద్దరూ బయటి డబ్బే తెచ్చి అక్కడ ఖర్చు పెడుతున్నారు. డబ్బున్నవాడికైతే ఈ గీత కూడా చెరిగిపోతుంది: 2022లో మొదలైన పదేళ్ల ఎల్‌టీఆర్ (లాంగ్ టర్మ్ రెసిడెంట్) వీసాలో ఏడాదికి 80 వేల డాలర్ల ఆదాయం చూపించిన పెన్షనర్ వర్క్ పర్మిట్ కూడా అడగొచ్చు.

అయినా పాత సాకు ఇప్పుడు చెల్లదు. ఒకప్పుడు ఇలాంటి పనికి తగిన వీసా లేదు, కాబట్టి ఉన్న దాంట్లో సర్దుకున్నామంటే వినేవాళ్లుండేవారు. స్పెయిన్‌లో ఆదాయం చూపించి తీసుకునే, పని చేయకూడదనే నాన్ లుక్రేటివ్ వీసా మీద ఆన్‌లైన్ పని చేసుకున్నవాళ్ల వాదనా అదే. అక్కడ 2023లో రిమోట్ ఉద్యోగుల వీసా విడిగా వచ్చింది, అంతకు కొన్ని నెలల ముందే పోర్చుగల్ తెచ్చింది. థాయ్‌లాండ్ 2024 జులైలో రిమోట్ పనివాళ్లకూ పనికొచ్చే డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) మొదలుపెట్టింది: ఐదేళ్ల గడువు, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు, ఖాతాలో 5 లక్షల బాట్లు, వయసు 20 దాటితే చాలు. రిటైర్మెంట్ వీసా కంటే తక్కువ డబ్బుకే దొరుకుతోంది. తలుపు తీసి పెట్టాక కూడా కిటికీలోంచి దూరతానంటే ఎలా? పన్ను సంగతి డీటీవీ మీదా అలాగే ఉంటుంది. కాకపోతే నిజం చెప్పుకునే వీలుంటుంది.

దానికో మెలిక ఉంది. డీటీవీ రిమోట్ పని కోటాలో అడిగేటప్పుడు ఉద్యోగం ఉన్నట్టు కంపెనీ ఉత్తరమో, సొంతంగా చేసుకునేవాళ్లయితే చేసిన పనుల వివరాలో చూపించాలి. ఉత్తరం అడిగేదాకా మన మనిషి ఎక్కణ్నుంచి లాగిన్ అవుతున్నాడో హెచ్‌ఆర్‌కు పట్టింపు ఉండకపోవచ్చు. అడిగాక ఫైలు లీగల్ విభాగానికి వెళుతుంది. క్లయింట్ డేటా దేశం దాటుతోందా, ఇంకో దేశంలో కంపెనీకి పన్ను బాధ్యత తగులుకుంటుందా అని వాళ్లు ఆరా తీస్తారు. జవాబు వచ్చేసరికి నెలలు పడుతుంది, అది కాదనే కావచ్చు. అప్పుడు ఆయన మళ్లీ ఏజెంట్‌కే ఫోన్ చేసి, రిటైర్మెంట్ వీసాకు ఎన్ని ఫోటోలు కావాలని అడుగుతాడు.