గడపను నరికింది రచయితా, ఉపమంత్రా? షియా యాన్‌పై వాదోపవాదం

చైనా కమ్యూనిస్టు స్క్రీన్‌ప్లే రచయిత షియా యాన్ (1900–1995) 1950ల మధ్య నుంచి 1965 దాకా సాంస్కృతిక శాఖ ఉపమంత్రిగా సినిమా వ్యవహారాలు చూశాడు. పదవి ఆయన కలాన్ని చెడగొట్టిందని వాది అంటారు. ప్రతివాది ఒప్పుకోరు.

వాది: రచయిత లూ షున్ 20వ వర్ధంతి ఏడు, 1956లో ఆయన కథ నుంచి షియా యాన్ స్క్రీన్‌ప్లేతో వచ్చిన సినిమా ‘నూతన సంవత్సర బలి’ తీసుకోండి. కథలో షియాంగ్‌లిన్ భార్యకు రెండుసార్లు పెళ్లయింది. చచ్చాక ఇద్దరు మొగుళ్లూ తన కోసం కొట్లాడుకుంటారని, యముడు తనను రెండుగా కోసి పంచుతాడని ఎవరో భయపెడతారు. దాదాపు ఏడాదిపాటు కూడబెట్టిన జీతం, 12 వెండి నాణేలు పోసి గుడికి గడప ఇస్తుంది. జనం దాన్ని తొక్కితే తన పాపం పోతుందని ఆశ. అయినా పండగనాడు పూజ సామాను ముట్టుకోబోతే యజమానురాలు వద్దంటుంది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. అక్కడి నుంచి మనిషి కుంగిపోతుంది. సినిమాలో మాత్రం కత్తి పట్టుకెళ్లి ఆ గడపను నరుకుతుంది. విప్లవ ప్రభుత్వ ఉపమంత్రికి తిరగబడే స్త్రీ కావలసివచ్చింది, అంతే.

ప్రతివాది: తొందరపడుతున్నారు. బలవంతపు రెండో పెళ్లినాడు ఆమె తలను బల్ల అంచుకేసి బాదుకుంది. అది లూ షున్ రాసిందే. ఆ మనిషి గడపను నరకడం స్వభావానికి విరుద్ధం కాదని షియా యాన్ సమాధానం చెప్పాడు. ఇంకో చిక్కుంది. మనిషి లోపల ఆరిపోవడాన్ని కథ వాక్యాలతో చెప్పగలదు. తెరకి ఒక పని కావాలి, అదీ ముందే చూపించిన వస్తువుతో జరగాలి. గడప ఆ వస్తువు.

వాది: మరి కథ చెప్పే ‘నేను’ను ఎందుకు తీసేశాడు? చచ్చాక ఆత్మ ఉంటుందా అని ఆమె అడిగేది అతన్ని. ‘కచ్చితంగా చెప్పలేను’ అని తప్పించుకునేది ఆ చదువుకున్నవాడు. కథలో అసలు దోషి అతనే అనుకుంటాను. అతను పోయాక ఆ ప్రశ్న గాలికి అడిగినట్టయింది.

ప్రతివాది: ఆ ‘నేను’ ఉంటే ప్రేక్షకులు లూ షున్ స్వయంగా తెరమీదికి వచ్చాడనుకుంటారు, కథ నడక దెబ్బతింటుందన్నది షియా యాన్ చెప్పిన కారణం. ఆచరణలో అది నిజమే.

వాది: సరే. చివర్లో వాయిస్ ఓవర్ ఏమంటుంది? ఇది నలభై ఏళ్ల కిందటి మాట, అలాంటి కాలం ఇక తిరిగిరాదు, సంతోషించాలి అంటుంది. ఆ వాక్యాలను ఎలా సమర్థిస్తారు?

ప్రతివాది: సమర్థించను. అవి కుర్చీ రాసిన వాక్యాలే. ప్రేక్షకుడి చేతిలో పెట్టవలసిన బాధను తీసి అటక మీద పెట్టాయి. కానీ ఆయన అన్నిసార్లూ అలా రాయలేదు. 1933లో రచయిత మావో దున్ కథ నుంచి తీసిన ‘వసంతపు పట్టుపురుగులు’లో పంట బాగా పండినా రైతు చితికిపోతాడు. అప్పు చేసి మల్బరీ ఆకు కొన్నాడు, పట్టుగూళ్లు వచ్చాయి, కొనే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఆ లెక్కే సినిమా. ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

వాది: 1933లో ఆయనకు పదవి లేదు. మింగ్‌షింగ్ సినిమా కంపెనీలోకి వెళ్లిందే మారుపేరుతో. నా మాటకే బలం వచ్చింది.

ప్రతివాది: మరి 1959 సినిమా ‘లిన్ వారి దుకాణం’? అప్పటికి పదవిలో స్థిరపడ్డాడు. దుకాణదారు లిన్ పైవాళ్ల చేతిలో నలుగుతాడు, తనకన్నా చిన్నవాళ్లను తను నలిపేస్తాడు. చివరికి పారిపోతే పైసా పైసా దాచుకున్న ముసలివాళ్లు మునుగుతారు. పార్టీకి కావలసిన వర్గ విశ్లేషణా ఉంది, లిన్ మీద జాలీ ఉంది. 1965లో దాని మీద పడిన నింద ఏమిటి? పెట్టుబడిదారును అందంగా చూపించాడని! కుర్చీ కోసం రాసి ఉంటే ఆ నింద ఎందుకొస్తుంది?

వాది: ఉపమంత్రి కాకముందే, ఇంకో కుర్చీలో ఉండి, 1951లో ‘వూ షున్ జీవితం’ సినిమా మీద విమర్శల దాడి జరిగినప్పుడు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీలో ఆత్మవిమర్శ రాశాడు. అప్పుడాయన షాంఘై సాంస్కృతిక రంగానికి పెద్ద. ఆ సినిమా తీసింది సున్ యూ. పెద్దలే తప్పొప్పుకుంటుంటే కింది రచయిత ఏ ధైర్యంతో కలం పట్టుకుంటాడు?

ప్రతివాది: ఆ నష్టం నిజమే, తగ్గించి చెప్పను. దానికి ఇంకోపక్క ‘ఫిబ్రవరి తొలి వసంతం’ ఉంది. దర్శకుడు షియే తియెలీ స్క్రిప్టును ఉపమంత్రి స్వయంగా చేత్తో దిద్దాడు. ఆయన అండ లేకపోతే 1963లో ఆ సినిమా సెట్ మీదికే వెళ్లేది కాదు.

వాది: వెళ్లింది. 1964లో విమర్శించడం కోసమే జనానికి చూపించారు. మరుసటి ఏడాది ఉపమంత్రి పదవి పోయింది. ఆపైన సాంస్కృతిక విప్లవంలో ఎనిమిదేళ్లకు పైగా నిర్బంధం, విరిగిన కాలు. ఆ ప్రతిలో ఆయన దిద్దుళ్లు ఆయనకే వ్యతిరేకంగా సాక్ష్యమయ్యాయి.

ప్రతివాది: ఆ దిద్దుళ్లు కలానివా, కుర్చీవా, మాస్టారూ?

వాది: కలానివే. అది మాత్రం ఒప్పుకుంటాను.